వంగర నుంచి స్పానిష్ దాకా

మన బ్యాచ్‌ల వాళ్ళం ఎక్కడ కలిసినా ఈ మధ్య ఒక ముచ్చట తప్పకుండా వస్తున్నది. యాభై దాటినం, పిల్లలు జర్మనీలోనో జపాన్‌లోనో అమెరికాలోనో ఉన్నరు, రేపో మాపో రిటైర్మెంటు. ఇప్పుడు ఒక కొత్త భాష నేర్చుకుంటే ఎట్లుంటది? నేర్చుకుంటే ఏది? ఒకరు జర్మన్ అంటారు, మనుమడితో మాట్లాడాలె కాబట్టి. ఒకరు జపనీస్ అంటారు, కంపెనీ పని కాబట్టి. ఇంకొకరు ఈ వయసులో మనకు ఏమొస్తదని నవ్వి ఊరుకుంటారు.

ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాలలో వెతకక్కరలేదు. మన హుజూరాబాద్ నుంచి గంట కూడా పట్టని దూరంలో, కొత్తకొండ వీరభద్రుడి జాతరకు పోయే దారి పక్కల, వంగర అనే ఊరు ఉన్నది. ఆ ఊరి మనిషి పాములపర్తి వేంకట నరసింహారావు గారు. దేశానికి ప్రధాని అయ్యారన్న సంగతి అందరికీ తెలుసు. భాషలు ఎన్నో వచ్చునన్న సంగతీ తెలుసు. కానీ ఆ భాషలు ఒక్కొక్కటి ఆయన జీవితంలోకి ఏ వయసులో, ఏ దారిన వచ్చాయో వరుసగా చూసినవాళ్ళు తక్కువ. ఆయన పోయి ఇరవై ఏండ్లు దాటింది. స్వర్ణోత్సవ సంచిక కోసం ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, నాకు తెలిసిన ఇంజినీరింగు విషయాల కన్నా ఇది రాస్తేనే మనవాళ్ళకు పనికొస్తుందని అనిపించింది.

పీవీ గారు 1921 జూన్ 28న నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టారు. వంగరకు చెందిన పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దంపతులు ఆయనను దత్తత తీసుకున్నారు. అప్పటి వంగర నిజాం రాజ్యంలో ఒక మామూలు పల్లె. ఇంట్లో తెలుగు, పూజలో సంస్కృతం, కచేరీలో ఉర్దూ. మన తాతల తరం వాళ్ళందరిదీ ఇదే లెక్క. పట్వారీ రాసే కాగితం ఉర్దూలో ఉండేది, దాన్ని చదివి వినిపించమని ఊరివాళ్ళు ఎవరినో బతిమాలుకునేవారు. బడి పెద్దగయ్యే కొద్దీ తెలుగు చిన్నగయ్యేది. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గణితం, విజ్ఞానశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పేవారు. ఉర్దూ బాగా రావాలంటే దాని వెనుక ఉన్న పారశీకం కూడా కొంత పట్టుబడాలి.

అంటే పీవీ గారికి మొదటి పరాయి భాషలు తాను ఎంచుకున్నవి కావు. రాజ్యం నెత్తిన పెట్టినవి. చాలామంది అటువంటి భాషను తిట్టుకుంటూ నేర్చుకుని, పరీక్ష కాగానే మరిచిపోతారు. ఆయన అట్లా చేయలేదు. రాజ్యాన్ని ఎదిరించారు గానీ ఆ రాజ్యపు భాషను వదల్లేదు. ఉర్దూ చివరిదాకా ఆయన నాలుక మీద ఉన్నది. పాలించేవాడి మీద కోపాన్ని భాష మీద చూపించకపోవడం చిన్న విషయం కాదు.

ఎదిరించడం 1938లో మొదలైంది. హైదరాబాద్ సంస్థానంలో వందేమాతరం పాడిన విద్యార్థులను చదువుల నుంచి వెళ్ళగొట్టారు. ఆ వెళ్ళగొట్టినవాళ్ళలో పీవీ గారు ఒకరు. పదిహేడేండ్ల పిల్లవాడు. సంస్థానంలో ఇక చదువు లేదు. ఆ పిల్లలను అక్కున చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం. పీవీ గారు ఆ తర్వాత పుణేలో బి.ఎస్‌సి., నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు. రెండు ఊర్లూ మరాఠీ ఊర్లే.

మరాఠీ అట్లా వచ్చింది. హాస్టల్లో, అంగడిలో, స్నేహితుల ఇండ్లలో. మన సిరిసిల్ల నుంచి భీవండికి, షోలాపూర్‌కు మగ్గాల పనికి పోయినవాళ్ళకు వచ్చినట్టే వచ్చింది. తేడా ఒక్కటే. పని నడిచేంత వచ్చిన తర్వాత ఆయన ఆగలేదు. మరాఠీ సాహిత్యంలోకి దిగారు. హరి నారాయణ ఆప్టే గారి ప్రసిద్ధ నవలను తర్వాతి కాలంలో అబల జీవితం పేరుతో తెలుగులోకి తెచ్చారు, కేంద్ర సాహిత్య అకాడమీ దాన్ని ప్రచురించింది. ఒక బాల వితంతువుల కాలపు ఆడమనిషి బతుకు కథ అది. ఆశ్రయమిచ్చిన భాషకు ఆయన తీర్చుకున్న రుణం ఆ పుస్తకం.

చదువు ముగించుకుని వచ్చాక హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్ వకీలుగా చేరారు. బూర్గుల గారు తానే బహుభాషావేత్త, పారశీక పండితుడు. వకీలు పని నేర్చుకుందామని పోయిన కుర్రవాడికి అక్కడ దొరికింది వకాలత్ ఒక్కటే కాదు. తర్వాత స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ పోరాటం, సరిహద్దు అవతల చాందా శిబిరం. 1948లో సంస్థానం విలీనమైనాక వరంగల్ నుంచి పాములపర్తి సదాశివరావు గారితో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. మారుపేర్లతో రాశారు. గొల్ల రామవ్వ అనే ఆయన కథ ఆ రోజులదే. ఉర్దూలో చదివి, మరాఠీ నేల మీద డిగ్రీలు తెచ్చుకున్న మనిషి కథ రాయడానికి కూర్చున్నప్పుడు మన పల్లెల ముసలవ్వ మాట్లాడే తెలుగునే పట్టుకున్నారు.

1957లో మంథని నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. వరుసగా నాలుగుసార్లు, 1977 దాకా, ఆయన మంథని శాసనసభ్యుడే. గోదావరి ఒడ్డున వేదపండితులకు పేరుపడ్డ ఊరు అది. 1962 నుంచి మంత్రి. న్యాయ శాఖ, సమాచార శాఖ, దేవాదాయ శాఖ, వైద్య శాఖ, చివరికి విద్యా శాఖ. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చినప్పుడు న్యాయ శాఖ ఆయన చేతిలోనే ఉన్నది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడితే దానికి అధ్యక్షులై 1974 దాకా ఉన్నారు. కాలేజీ చదువు తెలుగులో సాగాలంటే ముందు పుస్తకాలు ఉండాలి, పుస్తకాలు రావాలంటే పారిభాషిక పదాలు తయారు కావాలి. ఆ పని చేసింది అకాడమీ. మనలో ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్ళందరం ఆ పుస్తకాలు మోసినవాళ్ళమే. భౌతికశాస్త్రంలో జడత్వం, ద్రవ్యవేగం అని మనం చదువుకున్న మాటల వెనుక ఎంత పని ఉన్నదో అప్పుడు మనకు తెలియదు.

అదే కాలంలో ఆయన మరో పెద్ద పని కూడా చేశారు. విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు నవలను సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు. భారతీయ జ్ఞానపీఠ్ వేసింది. వేయిపడగలు తెలుగులో చదవడమే ఒక యజ్ఞం. దాన్ని మాతృభాష కాని హిందీలోకి మార్చడానికి పూనుకోవడం, అదీ రాష్ట్రంలో రాజకీయాల నడుమ పనిచేస్తూ, మామూలు ధైర్యం కాదు. మనం ఇక్కడ ఒకటి గమనించాలి. అనువాదకులు సాధారణంగా పరాయి భాష నుంచి తమ భాషలోకి తెస్తారు. పీవీ గారు రెండు దిక్కులా నడిచారు. మరాఠీ నుంచి తెలుగుకు తెచ్చారు, తెలుగు నుంచి హిందీకి తీసుకుపోయారు. భాష ఆయనకు వంతెన. వంతెన మీద బండ్లు ఒకవైపే నడవవు కదా.

1971లో ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలు గట్టిగా తలపెట్టారు, సొంత భూమి కూడా వదులుకున్నారు. సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల ఆయన హయాంలోనే వచ్చింది. ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు, దాని మీద జై ఆంధ్ర ఉద్యమం. 1973 జనవరిలో పదవి పోయింది. అప్పటికి ఆయనకు యాభై ఒకటి నడుస్తున్నది.

సరిగ్గా మన వయసు. అందుకే ఈ మలుపు దగ్గర కొంచెం ఆగాలి. పదవి పోయిన రాజకీయ నాయకుడు మామూలుగా ఏం చేస్తాడో మనకు తెలుసు. పొద్దున లేస్తే పగ, మాపటికి ముఠా. పీవీ గారు 1974లో అమెరికాలో, పశ్చిమ జర్మనీలో విశ్వవిద్యాలయాల్లో ఉపన్యాసాలిచ్చారు. బ్రిటన్, స్విట్జర్లాండ్, ఇటలీ, ఈజిప్టు తిరిగారు. అప్పటిదాకా ఆయన ప్రపంచం హైదరాబాద్, వరంగల్, నాగపూర్, ఢిల్లీ. ఇప్పుడు అది పెద్దదైంది. నడివయసు దాటిన తర్వాత ఆయన పనిగట్టుకుని ఎంచుకుని నేర్చుకున్న విదేశీ భాషల్లో అందరూ చెప్పుకునేది స్పానిష్. ఇది ఎవరూ నెత్తిన పెట్టింది కాదు, పొట్ట కోసం వచ్చింది కాదు. ఏ ఊర్లోనో ఉండి చెవిన పడగా వచ్చింది కూడా కాదు. తానుగా కోరుకున్నది.

స్పానిషే ఎందుకు? ఆయన మనసులోకి తొంగిచూడలేం గానీ, ఆ ఎంపిక ఎంత సరైనదో ఆయన చేసిన పనిని చూస్తే తెలుస్తుంది. 1980 జనవరిలో ఆయన విదేశాంగ మంత్రి అయ్యారు. ఆ నెలలోనే ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ మూడో మహాసభ మొదలైంది, అధ్యక్షత ఆయనది. మార్చిలో న్యూయార్క్‌లో వర్ధమాన దేశాల బృందం, గ్రూప్ ఆఫ్ 77 సమావేశానికి కూడా ఆయనే అధ్యక్షులు. 1981 ఫిబ్రవరిలో అలీన దేశాల విదేశాంగ మంత్రులు ఢిల్లీలో కలిశారు. ఆ గదుల్లో కూర్చున్న దేశాల్లో లాటిన్ అమెరికావి ఎన్నో. ప్రపంచంలో దాదాపు ఇరవై దేశాలకు స్పానిష్ అధికార భాష. ఐక్యరాజ్యసమితి ఆరు భాషల్లో అది ఒకటి. అలీనోద్యమానికి 1979 నుంచి అధ్యక్ష స్థానంలో ఉన్నది క్యూబా. 1983 మార్చిలో ఢిల్లీ శిఖరాగ్ర సభలో ఫిదెల్ కాస్త్రో ఆ బాధ్యతను ఇందిరాగాంధీ గారికి అప్పగించారు. విదేశాంగ మంత్రి పీవీ గారు. ఆ కాలంలో మన దేశానికి ఇంగ్లీషు తర్వాత ఎక్కువ తలుపులు తెరిచే తాళంచెవి ఏదైనా ఉన్నదంటే స్పానిష్ అనే చెప్పాలి.

మన ఇంజినీర్లకు లెక్క కావాలి కాబట్టి ఒక లెక్క. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ నడుపుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళకు పని నడిచే స్థాయి రావడానికి స్పానిష్‌కు 600 నుంచి 750 క్లాసు గంటలు చాలునని, అరబిక్, చైనీస్, జపనీస్‌లకు 2200 గంటలు పడుతుందని ఆ సంస్థ అనుభవం. అంటే మూడింతలు. కానీ ఈ పట్టిక ఇంగ్లీషువాడికి గీసింది. తెలుగువాడి పట్టిక వేరే ఉంటుంది. జపనీస్‌లో క్రియ మన వాక్యంలో లాగానే చివర వస్తుంది, విభక్తులు పేరు వెనుకే చేరతాయి. లిపి కష్టమే గానీ వాక్యం కట్టుకోవడం ఇంగ్లీషువాడికన్నా మనకు దగ్గర.

స్పానిష్ సంగతీ అంతే. ఒక తెలంగాణ మనిషి, అందులోనూ ఉర్దూ చదివిన మనిషి, ఆ భాష ముందు కూర్చుంటే ఏమేం కనిపిస్తాయో చూడండి. ఎట్లా రాస్తే దాదాపు అట్లాగే చదువుతారు, మన తెలుగు మాదిరి. ఇంగ్లీషు స్పెల్లింగుల బాధ లేదు. ఇంగ్లీషువాడు పలకలేని త, ద అక్షరాలు అక్కడ మన పండ్ల మధ్య పలికినట్టే పలుకుతాయి. మాటలు చాలా మటుకు అచ్చుతో ముగుస్తాయి. వచ్చిన, వచ్చినవ్, వచ్చిండు అని మనం అన్నప్పుడు నేను, నువ్వు, వాడు అని వేరే చెప్పక్కరలేదు, క్రియ తోకలోనే మనిషి ఉంటాడు. స్పానిష్‌లో కూడా అంతే. చనువుకు ఒక నువ్వు, మర్యాదకు ఒక మీరు ఉన్నాయి. చనువు మాట తూ. హిందీ వచ్చినవాడికి అది విడిగా నేర్పాలా? బల్లకూ కుర్చీకీ కూడా ఆడ, మగ తేడా ఉన్నది, అది తెలుగువాడికి తలనొప్పే. కానీ ఉర్దూ చదివినవాడు ఆ తలనొప్పి చిన్నప్పుడే పడి ఉంటాడు.

ఇక మాటలు. స్పెయిన్‌లో 711 నుంచి 1492 దాకా ఏదో ఒక భాగంలో అరబ్బు పాలన ఉన్నది. అందుకని ఆ భాష నిండా అరబ్బీ చుట్టాలే. వాళ్ళ నగర మేయరు అల్కాల్దె, మన ఖాజీ గారి నుంచి వచ్చిన మాట. వాళ్ళ కస్టమ్స్ ఆఫీసు అదువానా, మన దివాన్ బంధువు. చొక్కా కమీసా అంటే కమీజు గుర్తుకు రాదా? చక్కెర అసూకర్, సబ్బు ఖబోన్. వాళ్ళ నరాంఖా మన నారింజే. మన దేశం నుంచి పయనమై పారశీకం మీదుగా, అరబ్బీ మీదుగా అక్కడికి చేరింది. జమ్మికుంట మార్కెట్‌లో గుట్టలు పోసే పత్తిని వాళ్ళు అల్గొదోన్ అంటారు, అదీ అరబ్బీ మాటే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన ఊరి మనిషి దాన్ని వింటే అందులో అరబ్బీ కుత్న్‌ను పోల్చుకోగలడు.

అంటే వంగర బడిలో, వరంగల్‌లో నిజాం రాజ్యం బలవంతాన నేర్పిన చదువు నలభై ఏండ్ల తర్వాత ఎక్కడో సముద్రాల అవతలి భాషకు మెట్టుగా పనికొచ్చే రకమైనది. నేర్చుకున్న ఏ భాషా వృథాగా పోదు అని మన సార్లు ఊరికే చెప్పలేదు.

మరాఠీ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా రుజువైంది. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో పీవీ గారు సొంత హనుమకొండలో ఓడిపోయారు. కానీ అదే ఎన్నికల్లో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడ్డారు, అక్కడ గెలిచారు. 1989లో మళ్ళీ గెలిచారు. రాంటెక్ నాగపూర్ పక్కనే. పందొమ్మిదో ఏటనో ఇరవయ్యో ఏటనో చదువు కోసం పోయి నేర్చుకున్న భాష, అరవై మూడో ఏట సొంత ఊరు కాదన్నప్పుడు ఆయనను పార్లమెంటులో కూర్చోబెట్టింది. రాంటెక్ గెలుపు లేకపోతే తర్వాతి కథ ఎట్లా నడిచేదో ఊహించుకోవచ్చు.

తర్వాతి సంగతి మా ఇంజినీర్లకు మరీ ఇష్టమైనది. 1985లో ఆయన మానవ వనరుల శాఖ మంత్రి. 1986 జాతీయ విద్యావిధానం, నవోదయ విద్యాలయాలు ఆయన హయాంలోవే. అది రాజీవ్ గాంధీ గారు కంప్యూటర్ల గురించి మాట్లాడుతున్న కాలం. పాత తరం వాళ్ళకు ఇవి అర్థం కావన్న మాట ఒకటి ఆయన చెవిన పడిందని జీవితచరిత్రకారులు రాశారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ నడిపే కొడుకు చేత ఒక కంప్యూటరు తెప్పించుకున్నారు. ఒక మాస్టారును పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు మాస్టారును పంపించి పుస్తకాలు ముందేసుకుని తానే కూర్చున్నారు. కోబాల్, బేసిక్ వంటి ప్రోగ్రామింగ్ భాషలు పట్టుకున్నారు. అప్పటికి ఆయన వయసు అరవై నాలుగు, అరవై అయిదు. ఆ రోజుల్లో కంప్యూటరంటే ఇప్పటిలాగ వేలుతో తాకితే తెరుచుకునేది కాదు. నల్లటి తెర, తప్పు కొడితే తప్పు అని చెప్పే నాలుగు ముక్కలు. మేము ఇంజినీరింగ్ కాలేజీలో చేరి భయంభయంగా కీబోర్డు ముట్టుకున్న కాలమూ దాదాపు అదే. కేంద్రమంత్రికి మాకన్నా ముందే వచ్చిందంటే మా క్లాసువాళ్ళు చాలామంది నమ్మరు. కానీ వరుసగా చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. వ్యాకరణం ఉన్నది, పదాలు ఉన్నాయి, తప్పు చేస్తే ఎదుటివాడికి అర్థం కాదు. ఆయనకు అదీ ఇంకో భాషే. ఆ తర్వాత తన రాతకోతలు కంప్యూటరు మీదనే సాగించారు.

1991 ఎన్నికల్లో పోటీ చేయలేదు. పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్‌కు తిరిగి వచ్చేయడానికి సిద్ధమయ్యారు. మే 21న రాజీవ్ గాంధీ గారి హత్య జరిగింది. జూన్ 21న పీవీ గారు ప్రధానిగా ప్రమాణం చేశారు. అప్పటికి పార్లమెంటు సభ్యుడు కూడా కాదు, నవంబరులో నంద్యాల నుంచి ఎన్నికయ్యారు. విదేశీ మారకం అడుగంటిన ఖజానా, మైనారిటీ ప్రభుత్వం. మన్మోహన్ సింగ్ గారిని ఆర్థికమంత్రిగా పెట్టుకుని జూలైలోనే ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టారు. మన బ్యాచ్‌లకు వచ్చిన ప్రైవేటు ఉద్యోగాలు, విదేశాలు, ఇప్పుడు మనం ఏ భాష నేర్చుకుందామా అని తలపట్టుకునే అవకాశం, ఇవన్నీ ఆ తలుపు తెరుచుకున్న తర్వాతివే. 1993 సెప్టెంబరులో చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం, అదే నెలలో ఇరాన్ పర్యటన. తూర్పు ఆసియా దేశాల వైపు చూపు సారించిందీ ఆయన ప్రభుత్వమే.

ఆయన బతుకులో నీడలు లేవని నేను చెప్పను. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూలుతుంటే ప్రభుత్వం ఆపలేకపోయింది. ఆ మచ్చ ఆయన పాలన మీద నిలిచే ఉన్నది. దాని మీద ఆయన రాసుకున్న పుస్తకం ఆయన పోయిన తర్వాత 2006లో వచ్చింది. పార్లమెంటు సభ్యులకు ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు దోషి అన్నది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అన్నది. ఇన్ని భాషలు వచ్చిన మనిషి ఏ భాషలోనూ మాట్లాడడని ఆ రోజుల్లో జోకులు వేసేవారు. మాట్లాడవలసిన చోట మౌనంగా ఉన్నారన్నది ఆయన మీద నింద. అందులో కొంత నిజమున్నది. ఎన్ని భాషలు వచ్చినా మాట్లాడవలసిన సమయాన్ని ఏ వ్యాకరణమూ నేర్పదు.

1998లో ఇంగ్లీషులో ది ఇన్‌సైడర్ నవల వచ్చింది. అది తర్వాత లోపలి మనిషి పేరుతో తెలుగులోకీ వచ్చింది. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో జరిగాయి. 2024లో భారతరత్న ప్రకటించారు. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్లకు పైగా సాగే వంతెనకు ఆయన పేరు పెట్టారు. వంతెనల పనిలో బతికిన నాకు ఆ గౌరవం సరిగ్గా కుదిరిందనిపిస్తుంది.

ఆయనకు వచ్చిన భాషలు పది అని ఒకరు, పదిహేడు అని ఒకరు లెక్క చెప్తారు. ఆ లెక్కల జోలికి పోవడం దండగ. ఒక భాషలో నవల అనువదించడం వేరు, ఉపన్యాసం చేయడం వేరు, పేపరు చదివి అర్థం చేసుకోవడం వేరు, కుశలప్రశ్నలు అడగడం వేరు. అన్నిటినీ ఒకే తక్కెడలో వేస్తే అంకె పెరుగుతుంది, విషయం తగ్గుతుంది. మనం నేర్చుకోవలసింది అంకె కాదు, వరుస. రాజ్యం పెట్టిన ఉర్దూ. ఆశ్రయమిచ్చిన మరాఠీ. దేశం కోసం హిందీ. ప్రపంచం కోసం స్పానిష్. కాలం కోసం కంప్యూటరు భాష. ప్రతి దానికీ ఒక కారణం ఉన్నది, ప్రతి దానికీ ఒక మనుషుల గుంపు ఉన్నది. ఊరికే గొప్ప కోసం మొదలుపెట్టిన భాష మూడు నెలలు దాటదు. ఎవరితో మాట్లాడాలనుకుంటున్నామో వాళ్ళ ముఖం కళ్ళముందు ఉన్న భాష నిలుస్తుంది.

కాబట్టి ఏ భాష నేర్చుకోవాలని అడిగే మిత్రులకు నా మాట ఇది. ఏది తేలిక, ఏది ఎక్కువ మంది మాట్లాడతారు అని మొదలుపెట్టకండి. మీ ఇంటికి, మీ పనికి, మీ ఇష్టానికి ఏ భాష దగ్గరున్నదో చూడండి. మనుమడు మ్యూనిక్‌లో ఉంటే జర్మన్ నేర్చుకోండి, వాడికి తెలుగు నేర్పే హక్కు కూడా అప్పుడే వస్తుంది. చిన్నప్పుడు విన్న ఉర్దూ ఇంకా చెవుల్లో ఉంటే దాని లిపి నేర్చుకుని పారశీకం వైపు నడవండి. మన జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు ముప్పై, నలభై ఏండ్ల వయసులో ఏ క్లాసూ లేకుండా అరబ్బీలో బేరాలు ఆడడం నేర్చుకున్నారు. వాళ్ళకు సర్టిఫికెట్లు లేవు గానీ, పెద్దవయసులో భాష రాదన్న మాట అబద్ధమని రుజువు చేసినవాళ్ళు వాళ్ళే. హైదరాబాద్‌లోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకు పోయే నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పిస్తున్నది. దారులు పీవీ గారి కాలం కన్నా ఎక్కువే.

ఇంకొక్క మాట మన బడి గురించి. ఇప్పుడు తల్లిదండ్రులు ఇంగ్లీషు వస్తే చాలు, తెలుగు పోయినా ఫరవాలేదు అంటున్నారు. ఒక భాష రావాలంటే ఇంకొకటి ఖాళీ చేయాలన్నట్టు. బుర్ర కిరాయి ఇల్లు కాదు, ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కడానికి. పీవీ గారి జీవితమంతా దానికి సాక్ష్యం. ఆయనకు ప్రతి కొత్త భాషా పాత భాషల భుజాల మీద నిలబడి వచ్చింది. అన్నిటికీ అడుగున తెలుగు ఉన్నది. మన పిల్లల తెలుగు గట్టిగా ఉంటే ఇంగ్లీషు, దాని తర్వాత జర్మన్, స్పానిష్ ఏదైనా నిలబడుతుంది. పునాది తీసి పై అంతస్తు కట్టమంటే ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు.

అందుకని సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో కొంత బడి గ్రంథాలయంలో ఒక భాషల అరకు కేటాయించుదాం. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ నిఘంటువులు, మొదటి వాచకాలు. వాటి పక్కన జర్మన్, జపనీస్, స్పానిష్, అరబ్బీ. విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఊరికి వచ్చినప్పుడు ఒక్కొక్కరు ఒక గంట పిల్లల ముందు కూర్చుని తాము నేర్చుకున్న భాషలో పది మాటలు చెప్పి, అవి ఎట్లా నేర్చుకున్నారో చెప్పాలి. సార్లు, మేడమ్‌లు ఒప్పుకుంటే రాబోయే విద్యాసంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు. మొదటి పుస్తకాలు కొనే బాధ్యత మా బ్యాచ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నది.